మూడు షిఫ్టుల ఇంట్లో ఆమె కంచం

మొదటి షిఫ్టు పొద్దున ఏడింటికి, రెండోది మధ్యాహ్నం మూడింటికి, మూడోది రాత్రి పదకొండింటికి. సింగరేణి బొగ్గుబాయిల్లో పని ఈ మూడు వేళల మీద నడుస్తుంది. బాయికి పోయేవాళ్ల ఇళ్లలో పొయ్యి కూడా వాటి ప్రకారమే వెలుగుతుంది. మొదటి షిఫ్టు ఉన్న వారం కోడి కూయకముందే లేచి సద్ది కట్టాలి. రెండో షిఫ్టు వారం మనిషి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది, అప్పటికి కూర వేడిగా ఉండాలి. మూడో షిఫ్టు వారం పగలంతా ఆయన పడుకుంటాడు, పిల్లలు గోల చేయకుండా చూసుకోవాలి. ఈ లెక్కలన్నీ చూసుకునే ఆడమనిషి కడుపుతో ఉంటే, ఆమె ఎన్ని గంటలకు తిన్నదో ఆ ఇంట్లో ఎవరూ లెక్క పెట్టరు. ఆమె కూడా పెట్టదు.

గర్భిణి ఏం తినాలో చెప్పే బొమ్మలు ఆసుపత్రి గోడల మీద చాలా ఉన్నాయి. పాలు, గుడ్లు, ఆకుకూరలు, పప్పులు, పండ్లు. అవి తప్పని ఎవరూ అనరు. కానీ ఎప్పుడు తిన్నది, దేనితో కలిపి తిన్నది, ఇంట్లో ఎవరెవరు తిన్నాక తిన్నది అనే మూడు సంగతులు ఆ బొమ్మల్లోకి ఎక్కవు. ఒంట్లోకి చేరే ఇనుము మాత్రం చాలావరకు ఈ మూడింటి మీదే ఆధారపడి ఉంటుంది.

మంచిర్యాల జిల్లా కాసిపేట మండలంలో మూడు రకాల బతుకులు పక్కపక్కనే ఉంటాయి. మందమర్రి ఏరియా కిందికి వచ్చే కాసిపేట గనులు, వాటి చుట్టూ కార్మికుల ఇళ్లు ఒకవైపు. దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీ ఇంకోవైపు. అడవి అంచున గోండు, కోలాం గూడేలు. 2016 అక్టోబరు దాకా ఇదంతా పాత ఆదిలాబాద్ జిల్లా. కంపెనీ ఉద్యోగి భార్యకు రామకృష్ణాపూర్‌లో సింగరేణి ఏరియా ఆసుపత్రి ఉంది. గూడెం కోడలికి ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచరమ్మ దిక్కు. ఇద్దరికీ పరీక్ష చేసినప్పుడు తరచుగా వినిపించే మాట ఒకటే: రక్తం తక్కువుంది.

రక్తం ఎన్ని పాయింట్లుంది అని అడిగేది హిమోగ్లోబిన్ గురించి. డెసిలీటరు రక్తంలో అది 11 గ్రాముల కంటే తక్కువ ఉంటే గర్భిణికి రక్తహీనత ఉన్నట్టు. 10 నుంచి 10.9 వరకు స్వల్పం, 7 నుంచి 9.9 వరకు మధ్యస్థం, 7 కంటే దిగితే తీవ్రం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో గర్భిణుల్లో 53.2 శాతం మంది ఈ 11 గీత కిందే ఉన్నారు.

ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. గర్భం వచ్చాక రక్తం పెరుగుతుంది, తగ్గదు. రక్తంలోని ద్రవభాగం, అంటే ప్లాస్మా, దాదాపు 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. ఎర్రకణాలు మాత్రం 20 నుంచి 30 శాతమే పెరుగుతాయి. పులుసులో ఇంకో చెంబెడు నీళ్లు పోసినట్టు రక్తం పలచబడుతుంది, పాయింట్లు కాస్త పడిపోతాయి. ఇది రోగం కాదు. పలచని రక్తం మాయలోని సన్నని నాళాల్లో సులువుగా పారుతుంది, కాన్పు సమయంలో పోయే రక్తానికి ముందు జాగ్రత్తగానూ పనికొస్తుంది. గర్భిణికి హద్దును మామూలు ఆడవాళ్ల 12 దగ్గర కాకుండా 11 దగ్గర పెట్టింది అందుకే. అంటే ఈ పలచబాటును ముందే లెక్కలో తీసేశాక కూడా సగం మందికి పైగా గీత కింద మిగిలారు.

ఇక ఇనుము లెక్క. ఒక గర్భం మొదలై కాన్పు అయ్యేదాకా తల్లి ఒంటికి సుమారు 1000 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. పెరిగే ఎర్రకణాలకు అందులో దాదాపు సగం, బిడ్డకూ మాయకూ కలిపి 300 దాకా, మిగిలింది రోజువారీగా ఒంట్లోంచి పోయేదానికి. ఈ ఖర్చు అన్ని నెలలకూ ఒకేలా ఉండదు. మొదటి మూడు నెలలు నెలసరి ఆగినందువల్ల అవసరం తక్కువే. చివరి మూడు నెలల్లో రోజుకు ఆరేడు మిల్లీగ్రాములు రక్తంలోకి చేరాలి. మన అన్నం, పప్పు, ఆకుకూర భోజనంలో ఇనుము ఉంటుంది కానీ పేగులు పీల్చుకునేది నూటికి ఐదు నుంచి పది పాళ్లే. గింజల్లో ఉండే ఫైటేట్లు ఆ ఇనుమును పట్టుకుని వదలవు. మాంసంలో ఉండే హీమ్ ఇనుము ఇంతకు రెండు మూడు రెట్లు సులువుగా ఒంటికి పడుతుంది. ఆదివారం మాంసం కూరలో ముక్కలు ముందెవరి కంచంలో పడతాయో పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

పెళ్లికి ముందు నుంచే నిల్వలు లేని అమ్మాయి ఇంత ఖర్చును తిండితో పూడ్చలేదు. ఆసుపత్రిలో ఇచ్చే ఎర్ర ఇనుము గోళీ అందుకే. ఒక్కో దానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు. మింగేది మొత్తం 10,800 మిల్లీగ్రాములు. అందులో పదో వంతు ఒంటికి పట్టినా గర్భం మొత్తానికి కావలసిన వెయ్యి వచ్చేసినట్టే. లెక్క ఇంత సులువుగా ఉన్నా సగం మందికి రక్తం తక్కువే ఎందుకుంది?

ఒక కారణం టీ. బొగ్గు ప్రాంతంలో టీ నీళ్ల తర్వాత నీళ్లంతటిది. షిఫ్టు దిగితే టీ, షిఫ్టు ఎక్కబోతే టీ, మధ్యలో చుట్టం వస్తే టీ. భోజనంతో పాటు తాగిన ఒక కప్పు టీ ఆ భోజనంలోని ఇనుము పీల్చుకోవడాన్ని దాదాపు 60 శాతం తగ్గించగలదని స్వీడన్‌లో హాల్‌బర్గ్ బృందం 1980ల్లోనే కొలిచి చూపింది. టీలోని టానిన్లు ఇనుముతో జట్టు కట్టి పేగులోంచి బయటికి పోతాయి. నిమ్మకాయ, ఉసిరి, జామలో ఉండే సి విటమిన్ దీనికి విరుగుడు: అది ఇనుమును పేగు గోడ దాటే రూపంలోకి మారుస్తుంది. కాబట్టి పొద్దున ఆకలికి ఓర్చి టీతో గోళీ మింగే ఇల్లాలు, అన్నం తిన్న గంటకు నిమ్మకాయ నీళ్లతో మింగే ఇల్లాలు ఒకే గోళీ మింగుతున్నా ఒకే మందు తీసుకోవడం లేదు. సున్నపు గోళీ, అంటే క్యాల్షియం, ఇనుము గోళీతో కలిపి మింగొద్దని చెప్పేదీ ఇందుకే. క్యాల్షియం ఇనుముకు అడ్డం పడుతుంది.

ఇంకో కారణం భయం. ఇనుము గోళీ వేసుకుంటే విరేచనం నల్లగా వస్తుంది, కొందరికి వికారం, మలబద్ధకం. నల్ల విరేచనం చూసి బిడ్డ కూడా నల్లగా పుడుతుందనుకునే వాళ్లున్నారు. గోళీల బలానికి బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందనుకునే అత్తలున్నారు. "గోళీలు వేసుకుంటున్నవా అమ్మా?" అని ఆశమ్మ గుమ్మంలోంచి అడిగితే "వేసుకుంటున్న అక్కా" అనే జవాబు లోపలి నుంచి వెంటనే వస్తుంది. పరుపు కింద దాచిన పట్టీలు ఎవరూ చూడరు. పేగులో ఒంటికి పట్టక మిగిలిన ఇనుమే నల్లగా కనిపిస్తుందని, దానికీ బిడ్డ రంగుకూ సంబంధం లేదని ఒక్కమాట ముందే చెబితే ఎన్నో పట్టీలు ఖాళీ అయ్యేవి.

అదే గోళీలోని రెండో మందుకు మనతో పెద్ద బంధుత్వమే ఉంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ వైద్యురాలు బొంబాయికి వచ్చి, నేత మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు వస్తున్న తీవ్ర రక్తహీనత మీద పరిశోధన మొదలుపెట్టారు. ఇనుముకు లొంగని ఆ జబ్బు ఈస్ట్ సారంతో చేసే మార్మైట్ తినిపిస్తే నయమవుతోందని గుర్తించారు. అందులోని ఆ తెలియని పదార్థాన్ని చాలాకాలం విల్స్ ఫ్యాక్టర్ అన్నారు. 1941లో పాలకూర ఆకుల నుంచి వేరుచేసినప్పుడు దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది అమెరికాలోని లెడర్లీ సంస్థలో యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు మళ్లీ స్వదేశానికి రాకుండానే 1948లో పోయారు. ఫోలేటు తక్కువైతే రక్తకణాలు సరిగా విభజన చెందవు, గర్భం వచ్చిన మొదటి నెలలోనే బిడ్డ వెన్నెముక మూసుకోవడంలో లోపం రావచ్చు. అది ఎంత తొందరగా జరుగుతుందంటే, నెల తప్పిందని ఆమె గుర్తించే సరికే సగం పని అయిపోతుంది. బిడ్డ కావాలనుకున్నప్పటి నుంచే ఫోలిక్ ఆమ్లం వేసుకోమనేది ఇందుకే. మన దగ్గర చాలామంది మొదటిసారి ఆసుపత్రి గడప తొక్కేది మూడో నెల దగ్గర పడ్డాక.

ఇక భోజనం. ఇంటికి పంపిన పోషకాహారం ఇంట్లో అందరిదీ అవుతుంది. ఆరుగురున్న ఇంటికి చేరిన గుడ్లు ఆరుగురికీ పంచడం అమ్మ మనసుకు సహజం. ఈ నిజాన్ని ఒప్పుకుని కట్టిన పథకం ఆరోగ్యలక్ష్మి. ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన అమృతహస్తాన్ని మార్చి, తెలంగాణ ప్రభుత్వం 2015 జనవరి 1 నుంచి అమలు చేసింది. గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీ కేంద్రానికే వచ్చి ఒక పూట పూర్తి భోజనం చేయాలి: అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. నెలకు 30 గుడ్లు. ఇనుము గోళీ కూడా అక్కడే, టీచరమ్మ కళ్ల ముందే. దీనిలోని తెలివంతా "అక్కడే" అన్న మాటలో ఉంది. అక్కడ ఆమె చివర తినే మనిషి కాదు. వడ్డించేది ఆయమ్మ, తినేది ఆమె.

పాలతో పాటు ఇనుము గోళీ మింగించడం శాస్త్రం ప్రకారం అంత గొప్ప జోడీ కాదని మెలకువగా చదివే పాఠకులకు తడుతుంది. నిజమే, పాలలోని క్యాల్షియం ఇనుమును కొంత అడ్డుకుంటుంది. నా మట్టుకు నేను ఈ రాజీని సమర్థిస్తాను. కొంత తక్కువ పట్టినా కడుపులోకి వెళ్లిన గోళీ, సరైన వేళ కోసం ఎదురుచూస్తూ పరుపు కిందే ఉండిపోయిన గోళీ కంటే మేలు. వీలైన చోట పాలు ముందు ఇచ్చి, గోళీ ఇంకాసేపాగి ఇవ్వడానికి ఖర్చేమీ లేదు.

కడుపులో ఉన్నప్పుడు తల్లికి పెట్టిన ఒక పూట తిండి బిడ్డకు ఎంత దూరం వస్తుంది? దీనికి జవాబు వెతికిన పెద్ద ప్రయోగాల్లో ఒకటి మన రాష్ట్రంలోనే జరిగింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 వరకు నగర సమీపంలోని 29 ఊళ్లను తీసుకుంది. అప్పుడే సమగ్ర శిశు అభివృద్ధి పథకం కొన్ని మండలాలకు చేరింది, పక్కవాటికి ఇంకా చేరలేదు. పథకం చేరిన 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా రోజూ పెట్టారు. మిగతా 14 ఊళ్లకు పథకం ఇంకా రాలేదు. పుట్టినప్పుడు బిడ్డల బరువులో తేడా పెద్దగా ఏం లేదు, సగటున 60 గ్రాముల చిల్లర. అక్కడితో ఆగిపోయి ఉంటే ఉప్మా వల్ల ఒరిగిందేమీ లేదని రాసి ఫైలు మూసేసేవారు.

ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యాక సంజయ్ కిన్రా అనే పరిశోధకుడు, పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మళ్లీ అదే ఊళ్లకు వెళ్లారు. 1165 మందిని కొలిచారు. ఉప్మా తిన్న తల్లుల ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. ఇన్సులిన్‌కు ఒళ్లు లొంగని గుణం వాళ్లలో 20 శాతం తక్కువ, రక్తనాళాల బిరుసుదనమూ తక్కువ. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఈ ఫలితాలు చెప్పేది ఏమిటంటే, ఆ ఉప్మా ప్రభావం పురిట్లో తూచిన త్రాసు మీద కనపడకుండా పదిహేనేళ్ల తర్వాత షుగరు, గుండె జబ్బుల సూచికల్లో బయటపడింది. తల్లులతో పాటు పిల్లలకు కూడా పెట్టారు కాబట్టి ఈ లాభంలో కడుపులో తిన్నదెంత, పుట్టాక తిన్నదెంత అని విడదీయలేం. అయినా అంగన్‌వాడీ భోజనాన్ని పుట్టిన బిడ్డ బరువుతో మాత్రమే కొలిచే అధికారులకు ఈ 29 ఊళ్ల కథ ఒకసారి చదివి వినిపించాలి.

ఇక డబ్బు, కిట్ల సంగతి. రాష్ట్రంలో 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయిన వాళ్లకు విడతలుగా 12,000 రూపాయలు, ఆడపిల్ల పుడితే 13,000 అని ప్రకటించింది. 2022 డిసెంబరులో న్యూట్రిషన్ కిట్ వచ్చింది. కిలో పోషక పొడి, కిలో ఖర్జూరాలు, మూడు ఇనుము సిరప్ సీసాలు, అరకిలో నెయ్యి, నులిపురుగుల మాత్ర. మొదట రక్తహీనత ఎక్కువున్న తొమ్మిది జిల్లాలకే ఇచ్చారు. పొరుగున ఉన్న ఆసిఫాబాద్, ఆదిలాబాద్ ఆ జాబితాలో ఉన్నాయి, మంచిర్యాల లేదు. 2023 జూన్‌లో అన్ని జిల్లాలకూ విస్తరించేదాకా కాసిపేట గూడేల వాళ్లకు అది అందలేదు. కుటుంబాలు, చుట్టరికాలు జిల్లా గీతలకు ఇరువైపులా ఉండే ఈ ప్రాంతంలో అక్కకు వచ్చిన కిట్టు చెల్లెలికి రాకపోవడం ఎలా ఉంటుందో గీత గీసినవాళ్లు ఊహించి ఉండరు. పైగా జిల్లా సగటు చూసి గీత గీస్తే సింగరేణి క్వార్టర్ల లెక్కలో గూడేల లెక్క కలిసిపోతుంది.

గూడేల్లో రక్తహీనతకు ఇంకో మొహం ఉంది. గోండు, కోలాం సమాజాల్లో సికిల్ సెల్ జన్యువు ఉంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ అది వచ్చినవాళ్ల ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి వంగి, తొందరగా పగిలిపోతాయి. వాళ్లకు రక్తం తక్కువుండడానికి కారణం ఇనుము లోపం కాదు. పదే పదే రక్తం ఎక్కించిన వాళ్ల ఒంట్లో ఇనుము అవసరాన్ని మించి కూడా ఉండొచ్చు. వాళ్లకు ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి, ఇనుము మాత్రం పరీక్ష చూసి ఇవ్వాల్సిన మందు. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించాక పరీక్షలు పెరిగాయి. రక్తం ఎనిమిది పాయింట్లే ఉందని ఎర్ర గోళీలు రెట్టింపు చేసే ముందు, గూడెం నుంచి వచ్చిన అమ్మాయికి ఈ పరీక్ష జరిగిందా అని అడగడం వైద్యంలో భాగం.

అదే గూడేల దగ్గర ఇప్పపువ్వు ఉంది. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సంఘం ఇప్పపువ్వుకు పల్లీలు, నువ్వులు, బెల్లం కలిపి చేసే లడ్డూలకు మంచి పేరొచ్చింది. ఎండాకాలం తెల్లవారుజామున చెట్ల కింద ఏరుకునే ఆ పువ్వులో ఎక్కువున్నది చక్కెరలు. పల్లీ, నువ్వు కలిశాక ప్రోటీనూ క్యాల్షియమూ చేరతాయి. శక్తికి, రుచికి, ఆత్మగౌరవానికి ఆ లడ్డూ మంచిదే. రక్తహీనతకు మందుగా దాన్ని ప్రచారం చేయడం మాత్రం పువ్వుకు మోయలేని బరువు ఎత్తడం. జొన్న గట్క, చింతచిగురు, అడవి ఆకుకూరలు, అప్పుడప్పుడు చేపలు ఉన్న పాత గూడెం తిండి కూడా తక్కువదేం కాదు. రేషను బియ్యం వచ్చాక కంచం తెల్లబడిందన్నది నేను గూడేల్లో విన్న మాట కాదు, కళ్లతో చూడగలిగిన సంగతి.

బొగ్గు ప్రాంతానికి ప్రత్యేకమైనవి ఇంకో రెండున్నాయి, ఎండ, పొగ. రామగుండం వైపు మే నెల ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది. వాతావరణం ఒక్కో డిగ్రీ వేడెక్కే కొద్దీ నెలలు నిండకుండా పుట్టే ముప్పు సుమారు 5 శాతం పెరుగుతుందని, వడగాల్పుల రోజుల్లో 16 శాతం దాకా ఉంటుందని 2020లో అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది. పొగ సంగతి మరీ చిక్కు. బొగ్గు పొయ్యి విడిచే కార్బన్ మోనాక్సైడు ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట హిమోగ్లోబిన్‌ను ఆక్రమిస్తుంది. ఉన్నదే ఎనిమిది పాయింట్లయితే అందులోనూ కొంత పనికి రాకుండా పోతుంది. గ్యాసు పొయ్యి ఇస్తే బిడ్డల బరువు పెరుగుతుందని అందరూ అనుకున్నారు. తమిళనాడుతో పాటు మరో మూడు దేశాల్లో 3200 మంది గర్భిణుల మీద చేసిన పరీక్షలో, 2022లో ఫలితాలు వస్తే, గ్యాసు ఇచ్చిన వాళ్ల పిల్లల బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. గర్భం వచ్చి మూడు నాలుగు నెలలయ్యాక పొయ్యి మార్చడం వల్ల ఆలస్యమైందా, లేక ఊరి గాలిలోని పొగే హానికి సరిపోయిందా అన్నది శాస్త్రవేత్తల మధ్య వాదన. ఆమె కళ్లకూ ఊపిరితిత్తులకూ మాత్రం గ్యాసు మంచిదన్న దానిలో వాదనేమీ లేదు.

ఇక కాన్పు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం ప్రసవాలు ఆసుపత్రిలోనే జరిగాయి. ప్రతి లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2011-13లో, ఉమ్మడి రాష్ట్రంలో, 92 ఉండగా తెలంగాణలో 2018-20కి 43కు దిగాయి. ఇది చిన్న విజయం కాదు. దీనికి వెనకవైపు, అదే సర్వేలో, 60.7 శాతం సిజేరియన్ కోతలు, దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ. పోషణకూ కోతకూ ఏం సంబంధం అంటే చాలా ఉంది. కోతలో సహజ కాన్పు కన్నా రెట్టింపు దాకా రక్తం పోతుంది. కుట్ల నొప్పితో మత్తులో ఉన్న తల్లి మొదటి గంటలో బిడ్డకు పాలు పట్టడం కష్టం. రాష్ట్రంలో మొదటి గంటలో ముర్రుపాలు అందిన పిల్లలు 37 శాతమే. బొడ్డు కత్తిరించడం ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆపితే మాయలోని రక్తం బిడ్డకు చేరి ఆరు నెలలకు సరిపడా ఇనుము నిల్వ అవుతుంది. ఖర్చు లేని ఈ పని హడావుడిలో జారిపోతుంది. కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో 2017లో మొదలైన మిడ్‌వైఫరీ శిక్షణ, అంటే సహజ కాన్పుకు సాయపడే నర్సులను తయారుచేసే కార్యక్రమం, సరిగ్గా ఇలాంటి పనుల కోసమే. కాసిపేటకు దగ్గరి మాతా శిశు కేంద్రాన్ని మంచిర్యాలలో గోదావరి ఒడ్డున కట్టారు. 2022 జూలై వరదల్లో నీళ్లు లోపలికి వచ్చి తల్లులను, పసికందులను వేరే ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది. స్థలం ఎంచిన పెద్దల తెలివి గురించి గోదావరే చెప్పాల్సింది చెప్పింది.

బాలింత ఇంటికొచ్చిన రోజు నుంచి పథ్యం మొదలవుతుంది. పోషణ శాస్త్రానికీ ఇంటి పెద్దలకూ అసలైన పేచీ ఇక్కడే. పప్పు తింటే కుట్లు చీము పడతాయంటారు. పెరుగు తింటే బిడ్డకు జలుబు. నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట దిగదు. వంకాయ, ఆలుగడ్డ, పుల్లనివి అన్నీ బంద్. మిగిలేది అన్నం, వెల్లుల్లి కారం, మిరియాల చారు. బాలింతకు పెట్టే సొంటి, మిరియం, వెల్లుల్లి, వాము మామూలుగా హాని చేయవు. ఆకలి పుట్టిస్తాయి, కడుపుబ్బరం తగ్గిస్తాయి, ఒళ్లు వెచ్చగా ఉంచుతాయి. చాలా ఇళ్లలో బాలింతకు ప్రత్యేకంగా చేసే మేక కాళ్ల సూపు, కార్జం కూడా మంచి తిండే. గర్భంతో ఉన్నప్పుడు కార్జంలోని ఎ విటమిన్ ఎక్కువై బిడ్డకు ఇబ్బంది కాబట్టి రోజూ వద్దంటారు. కాన్పయ్యాక ఆ భయం లేదు. అమ్మమ్మల జ్ఞానంలో పెట్టే భాగం బాగుంది, ఆపే భాగంతోనే చిక్కు.

ఎందుకంటే పాలిచ్చే తల్లికి గర్భిణి కంటే ఎక్కువ తిండి కావాలి. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం గర్భిణికి రోజుకు అదనంగా 350 కిలో క్యాలరీలు చాలు. మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి 600. ప్రోటీను దాదాపు 17 గ్రాములు అదనం. రోజుకు ముప్పావు లీటరు పాలు తయారవుతాయి, అందులో నీళ్లే ఎక్కువ. ఆ నీళ్లు ఆమె తాగిన నీళ్లే. మే నెలలో కాసిపేటలో రేకుల ఇంట్లో పడుకున్న బాలింతను నీళ్లు తాగొద్దనడం కన్నా పెద్ద తప్పు పథ్యంలో లేదు. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, పప్పు వల్ల కాదు. మానే గాయానికి పప్పులోని ప్రోటీనే ముడిసరుకు.

కల్లు తాగితే పాలు పడతాయని చెప్పే పల్లెలు తెలంగాణలో ఇంకా ఉన్నాయి. పాలలోకి మద్యం నేరుగా దిగుతుంది. తల్లి కాస్త మద్యం తీసుకున్న తర్వాత పసిపిల్లలు తాగిన పాలు తగ్గాయని 1991లో అమెరికాలో జూలీ మెన్నెల్లా పరిశోధన చూపింది. పాలు బయటికి తోసే ఆక్సిటోసిన్ హార్మోనును మద్యం నెమ్మదింపజేస్తుంది. రొమ్ము బరువుగా అనిపిస్తుంది కాబట్టి పాలు పడ్డాయనుకుంటారు, నిజానికి అవి బయటికి రాక నిండి ఉంటాయి. పాలు పెరగడానికి తెలిసిన దారి ఒక్కటే: బిడ్డ ఎన్నిసార్లు చప్పరిస్తే అన్ని పాలు. ఆ చప్పరింపుకు వీలుగా కూర్చోనివ్వడం, ఆ కాసేపు పొయ్యి దగ్గర ఇంకెవరైనా నిలబడడం పథ్యంలో చేర్చాలి.

తిండి సరిగా పడని బాలింత మనసు కూడా పడిపోతుంది, ఒక్కోసారి తిండి అంతా సరిగానే ఉన్నా పడిపోతుంది. భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపిన 2017 సమీక్ష ప్రకారం కాన్పయిన తల్లుల్లో దాదాపు 22 శాతం మందికి దిగులు జబ్బు లక్షణాలున్నాయి. రాత్రిళ్లు నిద్ర ఉండదు, ఏడుపు వస్తుంది, బిడ్డ మీద ప్రేమ పుట్టడం లేదని తనను తానే నిందించుకుంటుంది. మొదటి వారంలో వచ్చే కన్నీళ్లు చాలామందికి వాటంతటవే పోతాయి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది జబ్బే, మందులతో, మాటలతో నయమయ్యే జబ్బు. రక్తహీనతకూ దీనికీ మధ్య సంబంధం ఉందని చాలా అధ్యయనాలు సూచించాయి. రక్తం పరీక్షకు సూది గుచ్చే చోట "నిద్ర పడుతోందా, ఏడుపొస్తోందా" అని అడగడానికి సూది కూడా అక్కర్లేదు. 2022 అక్టోబరు నుంచి టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు.

పనికి పోయే తల్లుల సంగతి వేరు. 1961 ప్రసూతి చట్టం గనులకూ వర్తించింది. ఏడాదిలో 80 రోజులు పనిచేసినా హక్కు వచ్చేది, 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు సెలవు 26 వారాలైంది. ఊడ్చే పనిలో, ఇతర కాంట్రాక్టు పనుల్లో ఉన్న ఆడవాళ్లకు ఇది కాగితం మీద సమానమే. 80 రోజుల లెక్క చూపించే హాజరు కాగితం వాళ్ల చేతిలో ఉందా అన్నదే చిక్కు. 2019లో భూగర్భ గనుల్లోనూ సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాల్లో పగటిపూట ఆడవాళ్లు పనిచేయొచ్చని కేంద్రం అనుమతించింది. బాయి లోపలికి ఆమె దిగే రోజులొచ్చాయి కాబట్టి, ఆమె షిఫ్టు దిగి వచ్చేసరికి అన్నం వండి ఉంచేది ఎవరన్న ప్రశ్న కూడా వస్తుంది.

ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను చూడడానికి ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు, ఆపైన 14, 21, 28, 42 రోజులకు ఇంటికి వస్తుంది. బిడ్డ బరువు తూస్తుంది, ఒంటి వేడి చూస్తుంది, పాలు తాగుతున్నాడో లేదో అడుగుతుంది. తల్లి గురించి ఫారంలో కొన్ని గళ్లున్నాయి గానీ ఎక్కువ ప్రశ్నలు బిడ్డవే. కాన్పయ్యాక మరో 180 రోజులు తల్లి అదే ఎర్ర గోళీలు వేసుకోవాలని నిబంధన. ఈ రెండో 180కి ఎవరి కళ్ల ముందూ మింగే ఏర్పాటు సరిగా లేదు, ఎందుకంటే పసిబిడ్డను చంకనేసుకుని ఎండలో అంగన్‌వాడీకి నడిచే బాలింతలు తక్కువ. వాళ్లకు గుడ్లు, పాలు ఇంటికే వెళ్తాయి, ఇంటికి వెళ్లినవి మళ్లీ ఆరుగురివి. కాన్పులో పోయిన ఇనుము తిరిగి చేరకముందే ఇంకో గర్భం వస్తే మొదటి గర్భం కంటే తక్కువ నిల్వతో మొదలవుతుంది, అందుకే కనీసం రెండేళ్ల ఎడం అంటున్నారు. 42వ రోజు వచ్చినప్పుడు ఆశమ్మ బిడ్డను తూచాక తల్లిని గోళీల పట్టీ తెచ్చి చూపమనాలి. ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్కపెట్టి, ఆ పూట ఆమె ఎన్ని గంటలకు తిన్నదో, ఎవరెవరు తిన్నాక తిన్నదో అడిగి, అది కూడా కార్డు మీద రాయాలి.